‘రిసీడ్’ అంటే వెనక్కి పోవడమేనా?

ఒక్క ఇంగ్లీషు క్రియ గురించి ఇంత పొడుగ్గా రాయాలా అని మీకు అనిపించొచ్చు. రాయాల్సిందే, ఎందుకో కొంచెం ఓపిగ్గా చదివితే మీకే తెలుస్తుంది. ఆ క్రియ ‘రిసీడ్’. ఏ నిఘంటువు తెరిచినా దాని ఎదురుగా వెనక్కి పోవు, వెనుదిరుగు, తగ్గు, విరమించుకొను అని నాలుగైదు మాటలు వరసగా నిలబడి ఉంటాయి, మా మైదుకూరు నాలుగురోడ్ల కాడ బస్సు కోసం నిలబడిన జనం లాగా. వాళ్లలో కడపకు పోయేదెవరో, ప్రొద్దుటూరికి పోయేదెవరో, బద్వేలుకో నంద్యాలకో పోయేదెవరో మొహం చూస్తే తెలీదు. అందరూ ఒకే చోట నిలబడినారు కదా అని అందరినీ ఒకే బస్సు ఎక్కిస్తే ఎట్లుంటుంది? నిఘంటువులో చేతికి దొరికిన మాటను తీసి వాక్యంలో పెట్టేస్తే అట్లే ఉంటుంది.

నాకు ఈ క్రియతో పని పడింది ఆఫీసులో. విపత్తు హెచ్చరికలు చూపించే ఒక యాప్‌ను కొత్తగా కొన్ని భాషల్లోకి తెస్తున్నాం. నేను రాసేది కోడే గానీ టీములో తెలుగు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తెలుగు స్ట్రింగుల రివ్యూ నా నెత్తిన పడింది. (మన కంపెనీల్లో భాష అనేది పుట్టుకతోనే వచ్చేసే క్వాలిఫికేషన్. దానికి ట్రైనింగూ అక్కర్లేదు, అప్రైజల్లో మార్కులూ ఉండవు.) అదే విడతలో టర్కిష్ కూడా ఉంది. ఆ ఫైలు చూసేది అంకారా ఆయన ఒకాయన. ఇద్దరం వారానికి రెండు మూడుసార్లు కాల్‌లో కూర్చుని, ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని ఆయన అటు, నేను ఇటు లాక్కునేవాళ్లం.

అందులో ఒక హెచ్చరిక ఉంది. సముద్రం ఉన్నట్టుండి ‘రిసీడ్’ అయితే వెంటనే ఎత్తైన చోటికి వెళ్లమని దాని సారాంశం. బయట నుంచి చేయించుకున్న అనువాదం ఇట్లా వచ్చింది: ‘సముద్రము అకస్మాత్తుగా తగ్గుముఖం పట్టినచో ఎత్తైన ప్రదేశమునకు వెళ్లవలెను’.

ఇంకొకసారి చదవండి. వ్యాకరణం తప్పేమీ లేదు. అక్షరదోషం లేదు. కానీ తెలుగులో తగ్గుముఖం పట్టేవి ఏవి? జ్వరం. వరద. ఉల్లిగడ్డల ధర. 2021లో ఎండాకాలం పోయేటప్పటికి కరోనా కేసులు. అన్నీ ‘హమ్మయ్య’ అనుకునే వార్తలే. సముద్రం తగ్గుముఖం పట్టిందంటే చదివేవాడికి ఏమనిపిస్తుంది? పోటు తగ్గింది, అలల జోరు పోయింది, ఇక పడవ దించొచ్చు అనిపిస్తుంది. పరిగెత్తాల్సిన సమయానికి స్థిమితంగా కూర్చోమని చెప్పే మాట అది. వాక్యం రెండో సగం ఎత్తైన చోటికి వెళ్లమంటోంది కదా అంటారేమో. పోటు తగ్గినాక ఎత్తుకు పోవడం దేనికి, వీళ్లకు తెలుగు రాక ఏదో రాసినారు అనుకుని ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. మన ప్రభుత్వ ప్రకటనల తెలుగు చదివీ చదివీ అందరికీ అలవాటైన పనే అది.

సునామీ విషయంలో ఈ ఒక్క క్రియే ప్రాణం. 2004 డిసెంబర్ 26న సుమత్రా పక్కన సముద్రం అడుగు కదిలినప్పుడు, పగులుకు తూర్పు వైపు అడుగు కుంగింది, పడమటి వైపు లేచింది. అందుకని తూర్పున ఉన్న థాయ్‌లాండ్ తీరాల్లో ముందు నీళ్లు వెనక్కి పోయినాయి. ఎప్పుడూ కనిపించని ఇసుక బయటపడింది. కొట్టుకులాడే చేపల్ని చూద్దామని జనం లోపలికి నడిచినారు. కొన్ని నిమిషాలకు అల వచ్చింది. పడమట ఉన్న శ్రీలంకకూ మన తూర్పు తీరానికీ చాలా చోట్ల ముందు నీళ్లు పోవడం లేకుండా నేరుగా అలే వచ్చింది. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయినారు. అంటే సముద్రం వెనక్కి పోవడం ప్రతిసారీ కనిపించే గుర్తు కాదు, కానీ కనిపిస్తే మాత్రం అంతకు మించిన హెచ్చరిక లేదు. ఆ తర్వాత 2007లో హైదరాబాదు ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టినారు. హిందూ మహాసముద్రం అడుగున భూమి కదిలితే కొద్ది నిమిషాల్లో అక్కడ తెలుస్తుంది. అక్కడి నుంచి కాకినాడ పక్కన పల్లెలో మనిషి చెవిదాకా వచ్చే ఆఖరి మెట్టు మాత్రం తెలుగు వాక్యమే. సెన్సర్లు, శాటిలైట్లు, సర్వర్లు అన్నీ సరిగ్గా పనిచేసి, చివరకు క్రియ దగ్గర బోల్తా పడితే?

అందుకే ఈ క్రియను కొంచెం విప్పి చూద్దామనిపించింది. లాటిన్‌లో ‘రె’ అంటే వెనక్కి, ‘కేదెరె’ అంటే పోవడం. రెండూ కలిస్తే వెనక్కి పోవడం. ఇంగ్లీషువాళ్లు దీన్ని దేనికైనా వాడతారు. వరద, సముద్రం, బావి నీళ్లు, హిమానీనదం, నెత్తి మీద జుట్టు, పంటి చిగుళ్లు, నొప్పి, జ్ఞాపకం, ఆశ. అన్నీ ‘రిసీడ్’ అవుతాయి. ఏది పోతోంది అన్నది వాళ్ల క్రియకు పట్టదు, కర్త చూసుకుంటుంది. తెలుగులో అట్లా కుదరదు. మన క్రియకు ఏది పోతోందో తెలియాలి, ఎటు పోతోందో తెలియాలి, పోతే మనకు మంచిదో చెడ్డదో కూడా ఒక్కోసారి తెలియాలి.

మైదుకూరు చుట్టుపక్కల మాటలే తీసుకుంటాను, నాకు బాగా తెలిసినవి అవే. వాన పడి వంక వస్తుంది. వచ్చిన నీళ్లు పోతే ‘నీళ్లు తీసినాయి’ అంటారు. కోస్తాలోనూ ‘వరద తీసింది’ అంటారని తర్వాత తెలిసింది. ఎంత చక్కటి మాటో చూడండి. ఎవరు తీసినారు? ఎవరూ తీయలేదు. నీళ్లు తమంతట తాము తీసుకున్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు టౌన్‌ను ముంచినప్పుడు ఫోన్లో అందరూ అడిగిన ప్రశ్న ‘నీళ్లు తీసినాయా?’ అనే. ‘తగ్గినాయా’ అంటే ఇంకా ఉన్నాయి, కొంచెం దిగినాయి అని. ‘తీసినాయా’ అంటే ఇల్లు కనపడుతోందా, బురద ఎత్తిపోసుకోవచ్చునా అని. ఆ రెండు ప్రశ్నలకూ మధ్య ఒక్కోసారి రెండు మూడు రోజుల తేడా ఉంటుంది. ఇంగ్లీషులో రెండూ ‘రిసీడే’.

బోర్ల కాడికి వస్తే కథ మారిపోతుంది. కె.సి. కాలువ కింద ఉన్న చేలకు ఒక మాట, కాలువ అందని మిట్ట చేలకు ఒక మాట. కాలువ కింద రైతు కాలువ వచ్చిందా, కాలువ నిలిచిందా అని రెండే అడుగుతాడు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వాళ్లు పడవలు కూడా నడపొచ్చని తవ్విన కాలువ అది. పడవల సంగతి ఎప్పుడో మరిచిపోయినారు గానీ, ‘కాలువ వచ్చింది’ అంటే ఈ పొద్దుకీ నీళ్లు వచ్చినాయనే అర్థం. మిట్ట చేలో పసుపో ఉల్లిగడ్డో పెట్టుకున్నవాడికి భాష వేరు. ‘బోరు ఆగి ఆగి పోస్తాంది’ అంటాడు మొదట. తర్వాత ‘నీళ్లు లోతుకు పాయ’ అంటాడు. ఇంకో రెండు పైపులు దించుతాడు. ఆఖరికి ‘ఎండిపాయ’ అంటాడు. చదువుకున్నవాళ్లం, పేపరు వాళ్లం ‘భూగర్భ జలాలు అడుగంటాయి’ అని రాస్తాం. అడుగు అంటడం! అదీ ఎంత కొలిచినట్టున్న మాట! వీటిలో ఒక్కదాంట్లోనూ ‘వెనక్కి’ లేదు. నీళ్లు కిందికే పోతాయి. మా చిన్నాయనను పట్టుకుని ‘మన బోరు నీళ్లు వెనక్కి తగ్గినాయంట కదా’ అంటే, వాటికి ఎవరితో తగాదా వచ్చింది అని అడుగుతాడు.

నవ్వులాటకు అన్నా అందులో పాయింటు ఉంది. తెలుగులో వెనక్కి తగ్గాలంటే ముందు మొహం ఉండాలి. మనిషికి మొహం ఉంది, ఎద్దుకు ఉంది, బండికి ఉంది, సైన్యానికి ఉంది. అవి వెనక్కి తగ్గుతాయి, వెనుదిరుగుతాయి, వెనకంజ వేస్తాయి. మాటిచ్చిన మనిషి ‘వెనక్కి తగ్గినాడు’ అంటే తిట్టు. మా జిల్లాలో ‘మడమ తిప్పడు’ అనడం ఎంత పెద్ద మెప్పో రాష్ట్రమంతా ఎన్నికల సభల్లో వినిందే. (మడమ తిప్పడం మాట నాయకులది. రైతుకు రోజూ ఉండే పని మడవ తిప్పడం, అంటే ఒక మడిలో నీళ్లు నిండగానే పారతో ఇంకో మడికి మళ్లించడం. అది తిప్పకపోతేనే తిడతారు.) ఇక ‘తగ్గు’ అనేది అసలు వెనక వైపు మాటే కాదు, కింది వైపు మాట. మా వైపు నేల పల్లంగా ఉన్న చోటును కూడా తగ్గు అనే అంటారు. ఆ తగ్గులో నీళ్లు నిలబడినాయి అంటే గుంటలో నిలబడినాయని. మొహం లేని వస్తువులన్నీ తెలుగులో కిందికి పోతాయి లేదా లేకుండా పోతాయి. జ్వరం విడుస్తుంది, నొప్పి తగ్గుతుంది, పసుపు రేటు పడిపోతుంది, ఆశ సన్నగిల్లుతుంది, జ్ఞాపకం మసకబారుతుంది. జుట్టు సంగతి మన ఫీల్డులో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అది కిందికీ పోదు, వెనక్కీ పోదు, నుదురు పైకి పోతుంది. ‘నుదురు పెద్దదైందే’ అని పెళ్లిళ్లలో మర్యాదగా పలకరిస్తారు చూడండి, అది.

మరి సముద్రం? సముద్రానికి మొహం ఉందా? ఉంది. ఉప్పాడలో తీరం కోసుకుపోతుంటే అక్కడివాళ్లు సముద్రం ముందుకొచ్చింది అంటారు. ముందుకు రాగలిగింది వెనక్కి కూడా పోగలదు. ఒడ్డున నిలబడిన మనిషి వైపు దాని మొహం. కాబట్టి సముద్రం ‘వెనక్కి పోయింది’ అనేది మంచి తెలుగే. ‘లోపలికి పోయింది’ అందామా అనుకున్నాను కానీ అది ప్రమాదం. సముద్రం లోపలికి పోయిందంటే ఊళ్లోకి పోయిందని కూడా చదువుకోవచ్చు. తలా తోకా మారిపోయే మాట హెచ్చరికలో ఉండకూడదు. నేను పెట్టిన వాక్యం ఇది: ‘సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి, ఎప్పుడూ నీళ్లుండే చోట ఇసుక తేలితే, చూడ్డానికి ఆగొద్దు. సునామీ వస్తుంది. వెంటనే ఎత్తైన చోటికి పరిగెత్తండి.’ ఇంగ్లీషు కంటే రెండింతలు పొడుగు. లేఅవుట్ చెడిపోతుందని డిజైన్ టీము కొంచెం గునిసింది. చెడిపోనీ అన్నాను. ఇసుక తేలడం ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, క్రియ ఒక్కటే మోయలేని అర్థాన్ని కంటికి కనపడే వస్తువు మోస్తుంది. రిసీడ్ అంటే ఏమిటి అనే చర్చకు అప్పుడు తావుండదు.

ఇదే వాక్యం దగ్గర అంకారా ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. నాకు మొదట అసూయే వేసింది. టర్కిష్‌లో ‘చెక్‌మెక్’ అంటే లాగడం. దానికి మధ్యలో ఒక చిన్న తోక తగిలించి ‘చెకిల్‌మెక్’ అంటే లాగబడడం, లేదా తనను తాను లాక్కోవడం. ‘దెనిజ్ చెకిల్‌ది’ అంటే సముద్రం తనను తాను వెనక్కి లాక్కుంది. 2020 అక్టోబర్ 30న ఏజియన్ సముద్రంలో భూకంపం వచ్చి ఇజ్మీర్ దగ్గర సీగజిక్ అనే ఊళ్లోకి సునామీ నీళ్లు వచ్చినాయి. కాబట్టి వాళ్లకు ఆ మాట నిఘంటువులో మాట కాదు, చూసిన మాట. వరద నీళ్లకు అదే క్రియ, బావిలో నీళ్లు ఇంకిపోయినా అదే, సైన్యానికైతే ముందు ‘గెరి’ తగిలించి ‘గెరి చెకిల్‌మెక్’, పంటి చిగుళ్లకూ అదే. గెరి అంటే వెనక్కి. మన ‘నీళ్లు తీసినాయి’ లాంటిదే వాళ్ల ‘సులర్ చెకిల్‌ది’ కూడా అని నేను చెబితే ఆయన ముచ్చటపడ్డాడు. ఒకచోట తీసుకోవడం, ఒకచోట లాక్కోవడం. రెండు చోట్లా నీళ్లకు చేతులున్నాయి.

అయితే టర్కిష్‌లోనూ అన్నిటికీ ఒకే క్రియ కుదరదు. జ్వరానికి ‘దుష్‌మెక్’, అంటే పడడం. జుట్టుకు ‘దోకుల్‌మెక్’, అంటే రాలడం. వెనకబడి దిగజారడానికి ‘గెరిలెమెక్’. దూరమైపోవడానికి ‘ఉజాక్‌లాష్‌మాక్’. మీరు ఇంగ్లీషు-టర్కిష్ నిఘంటువు తెరిచి ‘రిసీడ్’ కింద చూస్తే ఇవే కామాలు పెట్టి వరసగా ఉంటాయి. మళ్లీ అదే నాలుగురోడ్ల కూడలి!

ఇంకొక సంగతి. టర్కిష్ ‘దోన్‌మెక్’ అంటే గుండ్రంగా తిరగడం, మళ్లీ రావడం కూడా. మన ‘తిరుగు’ కూడా అంతే, చక్రం తిరుగుతుంది, ఊరు నుంచి తిరిగి వస్తాం. మళ్లు కూడా అట్లాంటిదే. పొద్దు మళ్లుతుంది, గొర్లను మళ్లేసుకుని వస్తారు, ఆ మళ్లడంలో నుంచే ‘మళ్లీ’ వచ్చింది. మనకు వెనక్కి రావడం అంటే రివర్స్ గేరు కాదు, చుట్టు తిరిగి రావడం. ఇంగ్లీషు ‘రిసీడ్’ మాత్రం మొహం మనవైపే పెట్టి దూరం పోయేది. తెలుగూ టర్కిష్షూ చుట్టాలు కావు. అయినా ధాతువుకు తోకల మీద తోకలు తగిలించే అలవాటు ఇద్దరికీ ఉంది. ఆ తోకల్లో ఎవరు చేసినారో, దానంతటది జరిగిందో చెప్పేస్తాం. ఇంగ్లీషు నుంచి నేరుగా మాట తెచ్చుకునేటప్పుడు ఆ తోకలు తెగిపోతాయి. పక్కన ఇంకో భాష పెట్టుకుని చూస్తే అప్పుడు తెలుస్తుంది మనం ఏం పారేసుకున్నామో.

ఐటీ వాళ్లకు ఈ క్రియ కంటే దాని బిడ్డ బాగా తెలుసు. రిసెషన్. 2001లో కొందరికి, 2008లో చాలామందికి దాని రుచి తెలిసింది. బెంచి మీద కూర్చున్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. దీనికి మన పేపర్ల మాట ‘మాంద్యం’. మందంగా ఉండడం, నెమ్మదించడం. టర్కిష్‌లో ‘దుర్గున్‌లుక్’, ఆగి నిలిచిపోవడం. (రెసెస్యోన్ అని ఎత్తుకొచ్చిన మాట కూడా వాడతారు.) గమ్మత్తు ఏమిటంటే రెండిట్లోనూ వెనక్కి పోవడం అనేది లేదు. ఇంగ్లీషువాడు వెనక్కి పోయిందన్నాడు, టర్కీవాడు ఆగిందన్నాడు, మనం నెమ్మదించింది అన్నాం. ఒకే ఉద్యోగం పోయింది, మూడు భాషల్లో మూడు రకాలుగా ఓదార్చినారు. నాకైతే మాంద్యం మరీ మెతక మాట అనిపిస్తుంది. మా జేజి అయితే ‘పని లేకపాయ’ అనేది, అంతే.

మన కోడులోనూ వెనక్కి పోయే క్రియలు కుప్పలు. అన్‌డూ, రివర్ట్, రోల్‌బ్యాక్, రిటర్న్, బ్యాక్. టర్కిష్‌లో అన్‌డూకి ‘గెరి ఆల్’ అంటారు, వెనక్కి తీసుకో అని. పిల్లలకు కూడా తెలిసే మాట. మనం ఎక్కువగా ‘రద్దు’ అంటాం, క్యాన్సిల్‌కూ అదే అంటాం. రెండూ పక్కపక్కన బటన్లుగా వచ్చిన చోట్ల రద్దు పక్కన రద్దు పెట్టుకుని కూర్చోవాల్సిందే. కానీ ఈ ‘రద్దు’ చరిత్ర చూడండి. అరబ్బీలో ‘రద్ద్’ అంటే తిప్పి పంపడం, వెనక్కి ఇవ్వడం. అది ఫారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చి కొట్టివేయడం అయింది. అదే మాట టర్కీకి పోయి ‘రెద్దెత్‌మెక్’ అయింది, అంటే ఒప్పుకోకపోవడం. కాల్‌లో ఇద్దరం ఒకే మాటను చెరో అర్థంతో వాడుతున్నామని తెలిసినాక ఆ రోజు పని ముందుకు సాగలేదు. ‘వాపసు’ కూడా అట్లే ఫారసీ నుంచి వచ్చిందే, మా వైపు దుకాణాల్లో ‘చిల్లర వాపసు ఇయ్యి’ అనని రోజు ఉండదు. అన్‌డూకి ‘వాపసు’ పెట్టొచ్చు కదా అని నాకు ఎప్పటి నుంచో కోరిక. అచ్చ తెలుగు కాదంటారు. రద్దు మాత్రం అచ్చ తెలుగా?

ఈ అచ్చ తెలుగు గొడవ మా కడపలో ఒక దొర రెండు శతాబ్దాల కిందటే తేల్చేసినాడు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినాడు. తర్వాత ఊళ్లో బంగళా కొని అందులో పండితుల్ని పెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించినాడు. 1850లలో ఆయన నిఘంటువులు అచ్చయినాయి. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చేది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. అంటే కచేరీలోనూ సంతలోనూ జనం వాడే ఉర్దూ, ఫారసీ, ఇతర పరాయి మాటలకు విడిగా ఒక పుస్తకం. పండితులు ముట్టుకోని మాటల్ని ఏరి పెట్టినాడు, ఎందుకంటే అర్జీ పెట్టుకునే రైతు ఆ మాటల్తోనే పెట్టుకుంటాడు కాబట్టి. ఆ బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి కట్టించిన బ్రౌన్ గ్రంథాలయం ఉంది. మైదుకూరు నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టదు. అనువాదాలు చేసేవాళ్లు ఒక్కసారన్నా పోయి చూడాల్సిన చోటు. పెద్ద సర్వర్లు లేవు, టూల్స్ లేవు. మాట ఎవరి నోట్లో ఉంది అని వెతికిన పద్ధతి మాత్రం ఉంది.

ఇప్పుడు మన పద్ధతి చూడండి. యాప్ కోడులో నదికీ బోరుకూ కలిపి ఒకే కీ పెట్టి ఉన్నారు, ‘నీటిమట్టం రిసీడ్ అయింది’ అని. ఎందుకు? ఒకే మాటను రెండుసార్లు రాయకూడదని మనకు మొదటి రోజు నుంచి నూరిపోస్తారు కదా, డ్రై సూత్రం. ఇంగ్లీషుకు అది చెల్లింది. కుందూ నదిలో నీటిమట్టం తగ్గితే చాపాడు వైపు వాళ్లకు మంచి వార్త. మిట్ట చేలో నీటిమట్టం తగ్గితే అది అప్పు వార్త. రెండిటికీ ఒకే తెలుగు వాక్యం, పక్కన ఒకే ఆకుపచ్చ గుర్తు! బోరు ఎండిపోతుంటే ఆకుపచ్చ గుర్తు చూపించే యాప్‌ను రైతు ఎన్ని రోజులు ఉంచుకుంటాడు?

దీనికి టెక్నాలజీ లేక కాదు. గెట్‌టెక్స్ట్‌లో ఒకే ఇంగ్లీషు మాటకు సందర్భాన్ని బట్టి వేరే వేరే అనువాదాలు పెట్టుకునే వీలుంది. ఆండ్రాయిడ్ స్ట్రింగుల ఫైల్లో అనువాదకుడి కోసం నోట్ రాయొచ్చు. ట్రాన్స్‌లేట్‌వికీలో సందేశాలకు వివరణ రాసిపెట్టే ఏర్పాటే ఉంది. రాయాల్సింది మనం, కోడు రాసేవాళ్లం. అనువాదకుడికి ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ నిండా విడి మాటలు పంపించి, ఏది పోతోంది, ఎటు పోతోంది అనేది చెప్పకుండా, తర్వాత ‘తెలుగు అనువాదాలు చండాలంగా ఉంటాయండీ’ అని నవ్వుకోవడం మనకు బాగా అలవాటు. ‘తగ్గుముఖం’ రాసిన ఆ అనువాదకుడికి ‘సముద్రం’ స్ట్రింగు పక్కన సునామీ అనే మాట కనపడనేలేదు, హెడింగు వేరే కీలో ఉంది. నేను ఆయన్ను ఒక్క మాట అనను. ఇప్పుడు మెషీన్లు అనువాదం చేస్తున్నాయి, మనిషి కంటే బాగానే చేస్తాయి కొన్నిచోట్ల, కానీ వాటికి పంపేదీ అదే ఎక్సెల్ కాలమ్ అయితే వాటికీ అదే గతి.

మా ఫైల్లో ఆ ఒక్క కీని విడగొట్టినాం. నదికి ‘వరద తగ్గుతోంది’ ఒకటి, ‘నీళ్లు తీసినాయి’ ఒకటి, బోర్లకు ‘నీళ్లు లోతుకు పోయాయి’, సముద్రానికి ఇందాక చెప్పింది. ‘తీసినాయి’ దగ్గర పెద్ద చర్చే జరిగింది. ‘తీశాయి’ అని రాస్తే కోస్తావాళ్లకు దగ్గర, ‘తీసినాయి’ అంటే మాకు దగ్గర, తెలంగాణ వాళ్లకు ఆ మాట ఎంత అలవాటో తెలుసుకోవాలని ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేశాను. ఒకాయన ‘తగ్గినై’ చాలు అన్నాడు, ఇంకొకాయన ‘పోయినై’ అన్నాడు. చివరికి ప్రస్తుతానికి ‘తీశాయి’ పెట్టి వదిలేశాం. అంకారా ఆయన మాత్రం మా స్ట్రింగు విడిపోవడం చూసి తన ఫైల్లో బోర్ల కీని విడగొట్టి ఇంకో మాట వెతుక్కుంటున్నాడు. చెకిల్‌మెక్ అంటే ఆయనకూ బావి గుర్తు రావాలో, వరద గుర్తు రావాలో ఒక్కోసారి తేలడం లేదట.

మీ ఊళ్లో వరద నీళ్లు పోతే ఏమంటారు? తీసింది అంటారా, దిగింది అంటారా, ఇంకేమన్నా మాట ఉందా? ముఖ్యంగా గోదావరి లంకల వాళ్లు, శ్రీకాకుళం వైపు వాళ్లు, అటు చెన్నైలోనూ బళ్లారిలోనూ ఉన్న తెలుగువాళ్లు చెప్పాలి. వచ్చే రిలీజుకు స్ట్రింగులు ఇంకా మూయలేదు.